అట, అన్నాడు, అంటున్నారు: ఇవి ఇంగ్లీష్‌లో నేర్పే ఆన్‌లైన్ కోర్సు చేశాక నా రివ్యూ

కోర్సు పేరు చెప్పను, ఎందుకంటే ఈ రివ్యూలో తిట్లు కూడా ఉన్నాయి, పైగా ఇలాంటి కోర్సులు ఇప్పుడు బోలెడు ఉన్నాయి కాబట్టి తీసుకునేముందు ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు. సబ్జెక్ట్ ఒక్కటే, ఎవరో చెప్పిన మాటని మనం ఇంగ్లీష్‌లో ఇంకొకరికి చెప్పడం. దానికి ఏ టెన్స్ వాడాలి, ఎవరన్నారో చెప్పకుండా "అంటున్నారు" అనాలంటే పాసివ్‌లో ఎలా పెట్టాలి, అంతే. మొత్తం 18 వీడియోలు, ప్రతి వీడియో కింద ఎక్సర్‌సైజ్, చివర్లో పెద్ద టెస్ట్. నాకు మూడు వారాలు పట్టింది, రోజూ రాత్రి పడుకునేముందు ఒకటి చొప్పున, మధ్యలో కొన్ని రోజులు డుమ్మా.

ఎందుకు తీసుకున్నానో చెప్తే మీకు నవ్వొస్తుంది. నాది కస్టమర్ సపోర్ట్ పని. రోజంతా కాల్స్, కాల్ అయిన ప్రతిసారీ టికెట్‌లో (అంటే ఆ కంప్లయింట్ రికార్డులో) నాలుగు లైన్లు ఇంగ్లీష్‌లో రాయాలి, అంటే కస్టమర్ ఏమన్నాడు, మా టెక్నీషియన్ ఏమన్నాడు, మళ్ళీ కస్టమర్ ఏమన్నాడు. ఆలోచిస్తే నా ఉద్యోగమే వాడన్నది వీడికి చెప్పడం. ఒకరోజు ఒక కస్టమర్ "నేను రేపు ఇంట్లో ఉండను" అన్నాడు, నేను టికెట్‌లో "కస్టమర్ సెడ్ దట్ ఐ విల్ నాట్ బి దేర్ టుమారో" అని కొట్టి మూసేశా. కాసేపటికి మా టీమ్ లీడ్ నా సీటు దగ్గరికి వచ్చి "రేపు నువ్వు రావట్లేదా? లీవ్ పెట్టనేలేదుగా" అంది. నాకు అర్థం కాలేదు, ఆవిడ టికెట్ చూపించాక అర్థమైంది. ఆ "ఐ" ఇంగ్లీష్‌లో కస్టమర్ కాదు, నేను. సరే అది నవ్వుకుని వదిలేశాం, కానీ ఆ టికెట్ టెక్నీషియన్ చేతికి మర్నాడు వెళ్ళింది, వాడు "టుమారో" చూసి ఆ మరుసటి రోజు లేడేమో, ఇవాళైతే ఉంటాడుగా అని వెళ్ళి తాళం చూసుకుని వచ్చాడు. ఆ తిట్లు కూడా నాకే.

అప్పుడు తీసుకున్నా కోర్సు.

మొదటి నాలుగు వీడియోలు టెన్స్ మార్చడం గురించి. ఇవి మాత్రం బోర్. సార్ ఎక్కాలు చదివినట్టు చదువుతాడు, ఈజ్ వాజ్ అవుతుంది, విల్ వుడ్ అవుతుంది, క్యాన్ కుడ్ అవుతుంది, హావ్ గాన్ హాడ్ గాన్ అవుతుంది, మనం తల ఊపుతూ ఉండాలి. తప్పేం చెప్పడు, కానీ అసలు మనవాళ్ళు ఎందుకు తప్పు చేస్తారో ఒక్క ముక్క చెప్పడు. నాకైతే కారణం తెలుగులోనే ఉందనిపిస్తుంది. మనం ఎదుటివాడి మాటని ఎక్కడా ముట్టుకోం, అన్నది అన్నట్టే ఎత్తి పెట్టి చివర "అని" తగిలిస్తాం, పని అయిపోతుంది. "రేపు వస్తాను అన్నాడు". వాడి రేపు వాడిదే, వాడి వస్తాను వాడిదే. ఇంకా గమ్మత్తు ఏంటంటే "తను రేపు వస్తానని చెప్పాడు" అంటాం చూశారా, మొదట "తను" అని వేరే మనిషిని పెట్టి చివర "వస్తాను" అని నేను రూపం వేస్తాం, అయినా వినేవాడికి ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. అదే "వస్తాడని చెప్పాడు" అంటే వచ్చేది ఇంకెవరో అని వెంటనే పట్టేస్తాం. ఇంత సున్నితమైన తేడా మనం చిన్నప్పట్నుంచి ఆలోచించకుండా వాడేస్తున్నాం, ఇంగ్లీష్‌కి వెళ్ళేసరికి అదే అలవాటుతో "సెడ్ దట్ ఐ విల్" అనేస్తున్నాం. ఈ ఒక్క విషయం మొదటి వీడియోలో చెప్పి ఉంటే మిగతా మూడు వీడియోలు అక్కర్లేదు.

ఇంగ్లీష్‌లో ఏం జరుగుతుందంటే, చెప్పేవాడు ఆ మాటని తన చోటికి లాక్కుంటాడు. వాడి "నేను" నా "అతను" అవుతుంది, వాడి "ఇక్కడ" "అక్కడ" అవుతుంది, వాడి "రేపు" "ద నెక్స్ట్ డే" అవుతుంది, వాడి "విల్" "వుడ్" అవుతుంది, అన్నీ ఒకే లాగుడు. "కస్టమర్ సెడ్ హి వుడ్ నాట్ బి దేర్ ద నెక్స్ట్ డే". టికెట్ ఎప్పుడు ఎవరు చదువుతారో తెలియదు కాబట్టి నేనిప్పుడు నెక్స్ట్ డే కూడా మానేసి డేట్ వేసేస్తున్నా, అది గ్రామర్ కాదు బతుకుతెరువు.

ఇక్కడ కోర్సు మీద నా మొదటి పెద్ద కంప్లయింట్. టెన్స్ మార్చడం ప్రతిసారీ తప్పనిసరి అన్నట్టు నేర్పుతారు, కాదు. "సేస్" అని ప్రెజెంట్‌లో మొదలుపెడితే అసలు మార్చక్కర్లేదు. "సెడ్" అన్నా ఆ విషయం ఇంకా నిజమే అయితే ప్రెజెంట్ అలాగే ఉంచొచ్చు, "హి సెడ్ హి లివ్స్ అలోన్" అన్నా కరెక్టే, "లివ్డ్" అన్నా కరెక్టే. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు లాంటి వాటికే ఆ వెసులుబాటు ఉందని సార్ చెప్తాడు గానీ, నిన్న ఒకడు తన గురించి చెప్పుకున్న మామూలు సంగతికి కూడా అది వర్తిస్తుంది. అలాగే సింపుల్ పాస్ట్ ప్రతిదాన్నీ హాడ్ పెట్టి వెనక్కి నెట్టక్కర్లేదు, ఏది ముందో ఏది వెనకో తికమక లేనప్పుడు "షి సెడ్ షి వాజ్ బోర్న్ ఇన్ 1990" అంటే ఎవరూ ఉరి తియ్యరు. వుడ్, కుడ్, షుడ్, మైట్ ఇవి ముందే వెనక్కి జరిగి కూర్చున్నాయి కాబట్టి మామూలుగా అలాగే ఉంటాయి. ఈ సంగతులు అరనిమిషంలో చెప్పొచ్చు.

పైగా ఈ ఎంపికలో అర్థం కూడా ఉంది. "సెడ్ ద లైన్ వాజ్ డౌన్" అని రాస్తే వాడు ఫోన్ చేసినప్పుడు లైన్ లేదు అన్నంతవరకే తెలుస్తుంది, ఇప్పుడు వచ్చిందో రాలేదో ఆ వాక్యం చెప్పదు. "సేస్ ద లైన్ ఈజ్ డౌన్" అంటే ఇంకా పోయే ఉందని. మా పనిలో ఈ తేడా వల్ల ఒక మనిషి నిచ్చెన వేసుకుని వెళ్ళాలో వద్దో తేలుతుంది.

ప్రశ్నల వీడియో పర్లేదు. "ఆస్క్డ్ వేర్ వాజ్ ద టెక్నీషియన్" అనకూడదు "వేర్ ద టెక్నీషియన్ వాజ్" అనాలి, అవును కాదు ప్రశ్నలైతే ఇఫ్ గానీ వెదర్ గానీ పెట్టాలి, అంతే. ఆ తర్వాత రెండు వీడియోలు ప్రామిస్‌డ్ టు కాల్, డినైడ్ టేకింగ్, వార్న్‌డ్ మి నాట్ టు లాంటి వాటి మీద, లిస్ట్ బట్టీ పట్టించడమే, నేను 1.5 స్పీడ్‌లో పెట్టి లాగించేశా.

ఎనిమిదో వీడియోలో సే కి టెల్ కి తేడా, ఇది బావుంది. తెలుగులో రెండూ "చెప్పు" కాబట్టి "నాకు చెప్పాడు" ని మనం "సెడ్ మి" చేసేస్తాం. టెల్ వెనకాల మనిషి కావాలి, సే వెనకాల మాట కావాలి. దీని ఫలితం పాసివ్‌లో తేలుతుంది. టెల్‌కి మనిషి ఉన్నాడు కాబట్టి ఆ మనిషి ముందుకొచ్చి "ఐ వాజ్ టోల్డ్ దట్" అవుతుంది. సే కి మనిషి లేడు కాబట్టి "ఐ వాజ్ సెడ్" అనలేం, "ఇట్ ఈజ్ సెడ్ దట్" అనాలి. నేను ఎన్నో ఏళ్ళుగా "ఇట్ ఈజ్ టోల్డ్ బై ద కస్టమర్ దట్" అని రాస్తున్నా, కొన్ని వేల టికెట్లలో ఉంటుంది అది, ఆ వీడియో పాజ్ చేసి కాసేపు అలా గోడ చూస్తూ కూర్చున్నా. "ద కస్టమర్ సెడ్" అంటే సరిపోయే చోట అంత డొంకతిరుగుడు ఎందుకు పెట్టానో నాకే తెలీదు, పాసివ్ పెడితే ఆఫీసు ఇంగ్లీష్‌లా ఉంటుందని ఎవరో బుర్రలో ఎక్కించారు.

తొమ్మిదో వీడియో కోసమే ఈ రివ్యూ రాస్తున్నా, నిజానికి. విషయం "హి ఈజ్ సెడ్ టు బి" లాంటి వాక్యాలు. సార్ బోర్డు మీద రెండు గడియారాలు గీస్తాడు. ఒకటి "ఈజ్ సెడ్" మీద, ఒకటి "టు" తర్వాత వచ్చేదాని మీద. మొదటి గడియారం జనం ఎప్పుడు అంటున్నారు అని చెప్తుంది. రెండోది ఆ సంగతి ఎప్పుడు జరిగింది అని చెప్తుంది, కానీ సొంతంగా కాదు, మొదటి గడియారాన్ని చూసి. రెండూ ఒకే టైమ్ చూపిస్తే టు బి. రెండోది వెనక ఉంటే టు హావ్ బీన్. ఇంకా నడుస్తూ ఉంటే టు బి వర్కింగ్. ఎప్పట్నుంచో నడుస్తూ వచ్చిందైతే టు హావ్ బీన్ వర్కింగ్. ఇంతే మొత్తం చాప్టర్, ఏడు నిమిషాల్లో అయిపోయింది.

ఉదాహరణ, "హోమర్ ఈజ్ సెడ్ టు హావ్ బీన్ బ్లైండ్". హోమర్ పాతకాలపు గ్రీకు కవి. అనేది ఇప్పుడు, గుడ్డివాడిగా ఉన్నది ఎప్పుడో, కాబట్టి హావ్ బీన్. ఇప్పుడు దీని పక్కన ఇది చూడండి, "ద ఎర్త్ వాజ్ బిలీవ్డ్ టు బి ద సెంటర్ ఆఫ్ ద యూనివర్స్". పాత సంగతే కదా టు హావ్ బీన్ రావాలిగా అని నేను ఆన్సర్ పెట్టి తప్పు పడ్డా. ఆలోచిస్తే సార్ చెప్పిందే కరెక్ట్, నమ్మిందీ అప్పుడే, భూమి మధ్యలో ఉందనుకుందీ అప్పటి గురించే, రెండు గడియారాలూ కలిసే ఉన్నాయి. కోపర్నికస్ 1543లో సూర్యుణ్ణి మధ్యలో పెట్టిన పుస్తకం అచ్చువేయించాక కూడా చాలాకాలం చాలామందికి అది అప్పటి వర్తమానమే. హావ్ బీన్ పెడితే "ఒకప్పుడు మధ్యలో ఉండేదని అప్పట్లో నమ్మేవారు" అని వస్తుంది, అలా ఎవరూ నమ్మలేదు పాపం.

ఈ వీడియో చూశాకే మన "అట" ఎంత గొప్పదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో రెండూ ఒకేసారి తెలిశాయి నాకు. ఇంగ్లీష్‌వాడు మూడు నాలుగు మాటలు పేర్చే చోట మనం ఒక్క అక్షరం అంటిస్తాం. ఉన్నాడట, టు బి. ఉండేవాడట, టు హావ్ బీన్. వెళ్ళిపోయాడట, టు హావ్ లెఫ్ట్. వెళ్ళిపోతున్నాడట, టు బి లీవింగ్. వస్తాడట అంటే ఎక్స్‌పెక్టెడ్ టు కమ్ అనుకోవచ్చు. అంటే రెండో గడియారం మనకీ ఉంది, క్రియలోనే ఉంది. మొదటిదే లేదు. అట కి కాలం లేదు, ఎప్పుడు అన్నారో అది చెప్పదు, "అప్పట్లో అలా అనుకునేవారు" అని చెప్పాలంటే అట ని పక్కన పెట్టి వేరే వాక్యం కట్టాల్సిందే. ఇంగ్లీష్ మాత్రం ఈజ్ సెడ్ ఆ వాజ్ సెడ్ ఆ ముందు తేల్చు అని పీక మీద కూర్చుంటుంది. మనం తడబడేది సరిగ్గా అక్కడే. సార్ గడియారాలు గీశాడు గానీ ఈ మాట అనలేదు, ఇది నా సొంత పైత్యం.

అన్నట్టు తెలుగు గురించి సార్‌ని ఒక మాట అనాలి. ఆయన ప్రతి వాక్యానికీ తెలుగు అర్థం స్క్రీన్ మీద వేస్తాడు, అది చూస్తే కళ్ళు తిరుగుతాయి. "హి ఈజ్ సెడ్ టు బి రిచ్" కింద "అతడు ధనవంతుడై యుండుటకు చెప్పబడుచున్నాడు". ఎవరు మాట్లాడతారండీ ఇలా! "ఆయన బాగా డబ్బున్నోడట" అంటే అయిపోయే దానికి ఈ చెప్పబడుట ఎందుకు? తెలుగులో బడు ని రోజువారీ మాటల్లో దాదాపు వాడం, రాతల్లో, నోటీసుల్లో కనిపిస్తుందంతే, ఇంకా ఇంగ్లీష్ పాసివ్‌కి బొమ్మ గీయడానికి స్కూల్లో వాడతారు, దాంతో పిల్లలకి పాసివ్ అంటేనే ఇదేదో మనుషులు మాట్లాడని భాష అనిపిస్తుంది. అట తో చెప్పి ఉంటే ఈ కోర్సు సగం టైమ్‌లో అయిపోయేది.

పదో వీడియో నుంచి పదమూడు దాకా ఏ వెర్బ్ వాడాలి అన్నది. ఇది కూడా మంచి సరుకే. మన అట అన్నిటికీ ఒకటే, పుకారైనా అట, పోలీసులు చెప్పినా అట. ఇంగ్లీష్‌లో నోన్, బిలీవ్డ్, అండర్‌స్టుడ్, రిపోర్టెడ్, అలెజ్డ్, రూమర్డ్ ఇలా ఎంత నమ్మకమో ముందే ఒప్పుకోవాలి. కోర్సులో ఇచ్చిన ఉదాహరణలు ఎవరో ఊరూపేరూ లేని మిస్టర్ స్మిత్ గురించి కాబట్టి తేడా అంత ఎక్కదు, నేను నా కోసం ఒకటి తయారు చేసుకున్నా. జార్జ్ మల్లరీ 1924లో ఎవరెస్ట్ ఎక్కబోయి తిరిగి రాలేదు, శవం 1999లో కొండ మీద దొరికింది. కాబట్టి "ఈజ్ నోన్ టు హావ్ డైడ్ ఆన్ ఎవరెస్ట్" అని ధీమాగా రాయొచ్చు. శిఖరం చేరాక పోయాడా చేరకముందే పోయాడా ఇంకా తేలలేదు, కొందరు చేరాడనే నమ్ముతారు, కాబట్టి అక్కడ "ఈజ్ బిలీవ్డ్ బై సమ్ టు హావ్ రీచ్డ్ ద టాప్" దాటి ఒక్క అడుగు వెయ్యలేం. ఒకే మనిషి, ఒకే రోజులు, రెండు వెర్బులు. అలెజ్డ్ మాత్రం నేరం, తప్పు లాంటి వాటికే, రుజువు కానప్పుడు వాడేది, "హి ఈజ్ అలెజ్డ్ టు బి వెరీ కైండ్" అంటే వెటకారం అవుతుంది.

ఒక చిన్న ముక్క నాకు భలే నచ్చింది. "దే సే హిమ్ టు బి ఆనెస్ట్" అనడం తప్పు, కానీ "హి ఈజ్ సెడ్ టు బి ఆనెస్ట్" కరెక్ట్. అంటే యాక్టివ్ లేని పాసివ్ అన్నమాట. స్కూల్లో యాక్టివ్ ఇచ్చి పాసివ్‌లోకి మార్చమనే ఎక్సర్‌సైజులు చేసి చేసి ప్రతి పాసివ్‌కీ వెనకాల ఒక యాక్టివ్ ఉంటుందనుకున్నా. బిలీవ్ కి ఉంది, "ఐ బిలీవ్ హిమ్ టు బి ఆనెస్ట్" అనొచ్చు, కొంచెం కోటు వేసుకున్నట్టు ఉంటుంది. సే కి లేదు. రూమర్డ్ అయితే ఇప్పటి వాడుకలో పాసివ్‌లోనే కనిపిస్తుంది. ఇది సార్ తనంతట తనే నవ్వుతూ చెప్పాడు, ఆయనకి కూడా ఇష్టమైన ముక్క అనుకుంటా.

లేనివి కూడా చెప్పాలిగా. ఏ వెర్బుకి "టు" రాదో ఎక్కడా చెప్పలేదు. "ఇట్ ఈజ్ హోప్డ్ దట్ హి విల్ కమ్" అనొచ్చు, "హి ఈజ్ హోప్డ్ టు కమ్" అనలేం, అనౌన్స్‌డ్ కూడా అంతే, "ఇట్ వాజ్ అనౌన్స్‌డ్ దట్" దాకానే. సార్ చెప్పిన సూత్రం పట్టుకుని వెళ్తే ఇవన్నీ తప్పులే రాస్తాం. "దేర్ ఆర్ సెడ్ టు బి" అనే వాడుకని కోర్సులో అసలు ముట్టుకోలేదు. అన్నిటికన్నా విడ్డూరం, సపోజ్డ్ టు ని వదిలేశారు! రోజూ వాడేది అదే కదా. "యూ ఆర్ సపోజ్డ్ టు సైన్ హియర్" అంటే సంతకం పెట్టాలి అని, "ఇట్ ఈజ్ సపోజ్డ్ టు బి గుడ్" అంటే బావుంటుందట అని, ఒకే మాటకి రెండు దారులు. పైగా "పెద్ద మొనగాడట!" అని మూతి తిప్పుతూ అంటామే, ఆ అట కి దగ్గరగా వచ్చేది కూడా ఇదే, "హి ఈజ్ సపోజ్డ్ టు బి ద ఎక్స్‌పర్ట్" అని సపోజ్డ్ మీద కాస్త ఒత్తితే చాలు. దీనికి ఒక వీడియో ఇవ్వకపోవడం నాకు మింగుడు పడలేదు.

పద్నాలుగు నుంచి పద్దెనిమిది రివిజన్, రివిజన్, రివిజన్. స్కిప్ చేసినా ఏం పోదు. క్యాప్షన్లు మెషిన్ వేసినవి, "సెడ్ టు హావ్" అన్నచోట "సెడ్ టు హాఫ్" అని పడుతుంది, ఏ మాట కోసం చూస్తున్నామో సరిగ్గా ఆ మాటే తప్పు.

ఇక టెస్ట్. ఇక్కడ ఒళ్ళు మండింది. చెక్ చేసేది మెషిన్, దాని దగ్గర ఒక్కో ప్రశ్నకి ఒకే ఆన్సర్ ఉంది. "ఇట్ ఈజ్ సెడ్ హి లివ్స్ అలోన్" అని దట్ లేకుండా రాశా, తప్పు అంది, మాటల్లో దట్ వదిలేసేవాళ్ళు బోలెడంతమంది. పదకొండో ప్రశ్నలో "హి సెడ్, ఐ వర్క్ హియర్" ఇచ్చి మార్చమన్నారు, వాడు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడని ప్రశ్నలోనే రాసి ఉంది, నేను నా సీట్లోనే కూర్చుని ఆన్సర్ చేస్తున్నాను కాబట్టి చోటు కూడా మారలేదు, "హి సెడ్ హి వర్క్స్ హియర్" పెట్టా. ఎర్ర గుర్తు. కావలసింది "వర్క్‌డ్ దేర్" అట. అలా నాలుగు ప్రశ్నలు పోయాయి నాకు, నాలుగూ నావి కూడా కరెక్టే.

మొత్తం మీద తీసుకోవాలా అంటే, ఎనిమిది నుంచి పదమూడు దాకా ఆరు వీడియోల కోసం అయితే తీసుకోండి, గడియారాల వీడియో రెండుసార్లు చూడండి, టెస్ట్ మార్కులు పట్టించుకోకండి. నేను ఐదుకి మూడు ఇస్తున్నా, ఆ తెలుగు అర్థాలు తీసేస్తే మూడున్నర.

పదకొండో ప్రశ్న గురించి వాళ్ళ సపోర్ట్‌కి పొడుగ్గా మెయిల్ పెట్టా, ఎందుకు రెండూ కరెక్టో ఉదాహరణలతో సహా. మూడో రోజు జవాబు వచ్చింది, "యువర్ ఫీడ్‌బ్యాక్ హాజ్ బీన్ నోటెడ్ అండ్ ద ఇష్యూ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు బి రిజాల్వ్‌డ్". ఎవరు నోట్ చేశారో లేదు, ఎవరు ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారో లేదు, ఎవరు సరిచేస్తారో అదీ లేదు. గ్రామర్ మాత్రం తొమ్మిదో వీడియోలో చెప్పినట్టే ఉంది, ఒక్క తప్పు లేదు. ఇది టైప్ చేసే ముందు మళ్ళీ లాగిన్ అయి చూశా, ఎర్ర గుర్తు అక్కడే ఉంది.